ఫిల్టర్ తీయమని అందరూ అడిగే ఊరు

రెడ్‌మండ్‌లో మన వాళ్ళింటికి భోజనానికి వెళితే, చేతులు కడుక్కున్నాక ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు ఫొటోలు చూడక తప్పదు. అదే వేడినీటి ఊట, దాని ముందు అదే జాకెట్, అదే నవ్వు. మూడేళ్ళుగా అందరి ఫొటోలూ చూసి విసుగెత్తిపోయి, ఇక మా మొహాలు కూడా ఆ ఊట ముందు పెట్టాల్సిందేనని 2007 సెప్టెంబరులో బయల్దేరాం. స్కూళ్ళు తెరిచాక పార్కులో రద్దీ తగ్గుతుంది, మోటళ్ళు చవగ్గా దొరుకుతాయి. మావారు రఘు శుక్రవారం, సోమవారం సెలవు పెట్టాడు. తను హెచ్‌వన్ వీసా మీద, నేను హెచ్‌ఫోర్ మీద ఉన్నాం. అంటే ఉద్యోగం తనది, పులిహోర కలపడం, మోటల్ బుక్ చేయడం, మ్యాప్ ప్రింట్ తీయడం నావి. తనది కరీంనగర్, మాది గుంటూరు. కార్లో పాటల దగ్గర తప్ప మిగతా అన్నింట్లోనూ సర్దుకుపోతాం.

శుక్రవారం తెల్లవారకముందే ఐ-నైంటీ హైవే ఎక్కాం. కొండలు దాటాక స్పోకేన్ దాకా దారి పొడవునా గోధుమ పొలాలే, నిద్ర ముంచుకొస్తుంది. డ్రైవ్ చేసేవాళ్ళు అక్కడ కాఫీకి ఆగడం మంచిది. ఐడహో ఇరుకు కొస దాటి మోంటానాలో అడుగు పెట్టగానే గడియారం గంట ముందుకు తిప్పుకోవాలి. ఆ సంగతి మరిచిపోయిన వాళ్ళకి మోటల్ ఆఫీసు మూసి కనిపిస్తుంది. మిజూలాలో ఒక పార్కులో పులిహోర తిని, ఆ రాత్రికి బ్యూట్‌లో ఆగాం. గది డెబ్భై డాలర్లు, పొద్దున వాఫుల్ ఉచితం. రానూపోనూ గ్యాస్, అంటే పెట్రోలు ఖర్చు రెండు వందల లోపే అయింది. ఇక్కడిదాకా మీకు ఏ వెబ్‌సైట్‌లోనైనా దొరికే సమాచారమే. నేను ఈ పోస్టు రాస్తున్నది మర్నాడు జరిగినదాని కోసం. అక్క రాయమంది కాబట్టే రాస్తున్నాను.

శనివారం పొద్దున బ్యూట్ వదిలి కొండెక్కుతుంటే నా సెల్‌లో రెండు మిస్డ్ కాల్స్ కనిపించాయి. గుంటూరు నెంబరు, మా అక్కది. అక్క ఒక మిస్డ్ కాల్ ఇస్తే "తీరిక ఉన్నప్పుడు చెయ్యి" అని అర్థం. వెంట వెంటనే రెండు ఎప్పుడూ ఇవ్వలేదు. సిగ్నల్ దొరికిన మొదటి రెస్ట్ ఏరియాలో కారు ఆపించి, కాలింగ్ కార్డు తీసి చేశాను. అక్క స్కూల్లో లెక్కల టీచరు. ఎంత కష్టమైన విషయమైనా లెక్క చెప్పినట్టే చెబుతుంది. రొమ్ములో గడ్డ ఉందనీ, పరీక్షలో క్యాన్సర్ అని తేలిందనీ, ఆదివారం సాయంత్రం ఆసుపత్రిలో చేరమన్నారనీ, సోమవారం ఆపరేషన్ అనీ వరసగా చెప్పేసింది.

"మొత్తం తీసేస్తారట. మీ బావగారు, అత్తయ్యగారు కూడా అదే మంచిదంటున్నారు, పీడ పోతుందని. గడ్డ వరకే తీసే పద్ధతి ఒకటి ఉందని ఎక్కడో విన్నానే. నిజమో కాదో నువ్వు ఇంటర్నెట్‌లో చూసి చెప్పు. డాక్టర్ని అడగాలంటే నాకు కాస్తయినా తెలియాలి కదా," అంది.

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అమెరికాలోనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాకు బాగా తెలిసిన డాక్టర్ ఆంటీ ఒకావిడ ఉన్నారు. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో అంతా విడమరచి చెబుతారు. కానీ ఆవిడ అక్క అత్తగారికి చుట్టం. ఆవిడ చెవిన పడిన మాట నా జవాబుకంటే ముందే గుంటూరు చేరుతుంది. రెడ్‌మండ్ స్నేహితులతోనూ అదే భయం. రఘుకి మాత్రం చెప్పాను, కార్లో పక్కన కూర్చుని ఏడుస్తూ చెప్పకుండా ఉండడం కుదరదు కాబట్టి. ఆ రాత్రి మేం ఉండబోయే మోటల్లో ఇంటర్నెట్ లేదని బుక్ చేసినప్పుడే చెప్పారు. మన సాయంత్రం వాళ్ళ ఆదివారం ఉదయం. అంటే నేను చదవాల్సింది ఏదైనా ఆ శనివారం పగలే చదవాలి.

తరవాతి ఎగ్జిట్ దగ్గర గ్యాస్ కొట్టించి, కౌంటర్లో ఉన్నావిడని ఇంటర్నెట్ ఎక్కడ దొరుకుతుందని అడిగాను. ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీ ఉందనీ, శనివారం రెండింటిదాకా తెరిచి ఉంటుందనీ, డబ్బు కట్టక్కర్లేదనీ చెప్పింది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో మీకే తెలుస్తుంది. ఒకటే పెద్ద వీధి, ఇటుక కట్టడం, మెట్ల పక్కన బంతిపూల కుండీలు. లోపల నాలుగు కంప్యూటర్లు. ఒక మూల గుండ్రటి బల్ల చుట్టూ అయిదారుగురు పెద్దావిడలు ఉన్ని అల్లుకుంటున్నారు. కౌంటర్లో ఉన్న లైబ్రేరియన్ పేరు డోనా. రఘు డ్రైవింగ్ లైసెన్స్ చూసి, ఒక గంటకి గెస్ట్ పాస్ ఇచ్చింది. అమెరికా లైబ్రరీలంటే నాకు మొదటినుంచీ పిచ్చి అభిమానం. ఎవరైనా రావచ్చు, ఏదైనా చదవచ్చు, ఎందుకని అడిగేవాడు ఉండడు. మన దేశానికి ఉత్తరాలు రాసినప్పుడల్లా ఈ గొప్ప చెప్పుకునేదాన్ని. రఘు కాఫీ తెస్తానని బయటికి వెళ్ళాడు, నేను కూర్చుని జబ్బు పేరు టైప్ చేసి, వచ్చిన మొదటి లింకు నొక్కాను.

తెర మొత్తం ఎర్రగా మారింది. ఈ పేజీ చూడటానికి అనుమతి లేదు, వర్గం అశ్లీలం, మీ ప్రయత్నం నమోదు చేయబడింది అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. తప్పు లింకు నొక్కానేమో అనుకుని ఇంకొకటి నొక్కాను. ఎరుపు. అది ఒక ఆసుపత్రి వాళ్ళ పేజీ. రోగుల కోసం రాసిన ప్రశ్నలూ జవాబులూ నొక్కినా ఎరుపే. ఆపరేషన్ పేరు మాత్రమే కొట్టి చూశాను, ఒక పేజీ సగం వచ్చినట్టే వచ్చి ఎర్రబడింది. చైనాలో ఇలా చేస్తారని పేపర్లో చదివి అయ్యో పాపం అనుకున్న మనిషిని. అమెరికాలో, పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని, మా అక్క ఒంట్లోని జబ్బు గురించి చదవబోతే నాకు బూతు బొమ్మలు చూసేదాని ముద్ర వేస్తారా? వెనక ఎవరైనా చూస్తున్నారేమోనని తెరకి అడ్డంగా వంగాను.

చూస్తున్నది రఘు. కాఫీ కప్పులతో వచ్చి నా వెనక నిలబడి, ఆ ఎర్ర తెర మీద రెండు ముక్కలే చదివాడు, అశ్లీలం అన్నదీ, నమోదు అన్నదీ. కప్పులు అక్కడే పెట్టేసి, తెర మీది విండో మూసేసి, లే అన్నాడు. ఎందుకో అడిగేలోపే నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. కార్లో కూర్చున్నాకే కారణం చెప్పాడు.

"ఆ పాస్ నా లైసెన్స్ మీద తీసుకున్నం. గవర్నమెంట్ కంప్యూటర్. డిసెంబర్ల వీసా స్టాంపింగ్‌కి పోతున్నం. గిది ఏందని కాన్సులేట్‌ల అడిగితే ఏం చెప్పాలె?" అన్నాడు.

వీసా మీద బతికే వాళ్ళకి ఈ భయం ఎలాంటిదో నేను వివరించక్కర్లేదు. స్పీడింగ్ టికెట్ వచ్చినా మనకి ముందు గుర్తొచ్చేది జరిమానా కాదు, స్టాంపింగే. పక్కింటి వాళ్ళు కుక్కని వెతుక్కుంటూ తలుపు కొట్టినా పాస్‌పోర్టులు ఎక్కడున్నాయో చూసుకునే జాతి మనది. రఘు భయం నాకు అర్థమైంది, అయినా ఒళ్ళు మండింది. నీ స్టాంపింగ్ డిసెంబర్లో, మా అక్కది ఎల్లుండి అన్నాను. తను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. కారు స్టార్ట్ చేయలేదు, దిగనూ లేదు. ఆ లైబ్రరీ తలుపు వైపు చూడటానికి నాకూ ధైర్యం లేదు. ఇంకో ఊళ్ళో ఇంకో లైబ్రరీ చూద్దామని తనన్నాడు. అక్కడ మాత్రం ఎరుపు కాదని ఎవరు చెప్పారని నేనన్నాను. నిజం చెప్పాలంటే, మేమిద్దరం ఏదో నేరం చేసి దాక్కున్న వాళ్ళలాగే కూర్చున్నాం.

అప్పుడు ఎవరో నా వైపు అద్దం మీద తట్టారు. రఘు ఉలిక్కిపడ్డాడు. అల్లికల బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడల్లో ఒకావిడ, డెబ్భై ఏళ్ళుంటాయి. చంకలో ఉన్ని ఉండ, ఒక చేతిలో మేం వదిలేసి వచ్చిన కాఫీ కప్పులు. తన పేరు రూత్ అని చెప్పి, కప్పులు అందించి, తెర ఎర్రబడిందా అని అడిగింది. నేను తలూపాను. ఆమె ఆశ్చర్యపోలేదు, ఏం చూస్తున్నావని అడగనూ లేదు.

ఆవిడ చెప్పింది ఇది. లైబ్రరీ ఇంటర్నెట్‌కి కేంద్ర ప్రభుత్వం డబ్బు కావాలంటే కంప్యూటర్లన్నింటికీ ఫిల్టర్ పెట్టాలని చట్టం. పిల్లల కోసం పెట్టింది. ఆమె మనవలు కూడా వస్తారు కాబట్టి ఆమెకి దాని మీద కోపమేమీ లేదు. కానీ ఆ ఫిల్టర్‌కి బూతుకీ జబ్బుకీ తేడా తెలియదు. పెద్దవాళ్ళు ఎవరైనా తీసేయమని అడగొచ్చు. అడిగితే తీస్తారు. అంతే, దాచిపెట్టిన కిటుకేమీ లేదంది.

అంత తేలికా అనుకున్నాను. ఆ వెంటనే, అది ఎంత కష్టమో కూడా తెలిసింది. కౌంటర్ దగ్గరికి వెళ్ళి, నలుగురిలో, నాకు ఫిల్టర్ తీసేయండి అనాలి. దేని కోసం తీయించుకుంటారు జనం? విన్నవాళ్ళు ఏమనుకుంటారు? ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ కారు తలుపుకి ఆనుకుని, కొంచెం గొంతు తగ్గించింది. కొన్నేళ్ళ క్రితం వాళ్ళ చర్చికి వచ్చే ఒకావిడ, రొమ్ములో గడ్డ గురించి చదవాలని వచ్చి తెర ఎర్రబడితే, కౌంటర్లో అడిగిందట. అప్పుడున్న లైబ్రేరియన్ చెడ్డమనిషి కాదు, మామూలుగానే ఎందుకని అడిగింది. వెనక నిలబడ్డ వాళ్ళంతా విన్నారు. ఆవిడ ఏమీ చెప్పలేక, అక్కర్లేదులే అని వెళ్ళిపోయింది. మళ్ళీ లైబ్రరీకి రాలేదు. డాక్టరు దగ్గరికి కూడా ఆలస్యంగా వెళ్ళింది. అంతకు మించి రూత్ చెప్పలేదు, నేను అడగలేదు. ఊరి పేరు రాయనిది ఆవిడ కోసమే.

"ఆ తరవాత మేమందరం ఒక అలవాటు పెట్టుకున్నాం. ఎవరం కంప్యూటర్ ముందు కూర్చున్నా ముందు ఫిల్టర్ తీయమని అడుగుతాం. నేను చూసేది వాతావరణం, అల్లికల నమూనాలు. అయినా అడుగుతాను. మా ఆయన పశువుల ధరలు చూస్తాడు, తనూ అడుగుతాడు. అందరం అడుగుతుంటే, నిజంగా అవసరమై అడిగేది ఎవరో ఎవరికీ తెలియదు కదా," అంది.

తెర ఎర్రబడినప్పుడు తగిలిన దెబ్బ కంటే ఇది పెద్దది. ప్రభుత్వం గోడ కడితే దాటడానికి కంప్యూటర్ విద్యలు కావాలనుకుంటాం. మా ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఉన్నాడు. ఇంకో దేశం మీదుగా దారి మళ్ళించడం, ప్రాక్సీలూ అవీ తనకి నిద్రలో కూడా వచ్చు. ఆ పూట అవేవీ పనికి రాలేదు, తనే ముందు పారిపోయి వచ్చాడు. ఈ ఆడవాళ్ళు వాతావరణం చూసుకోవడానికి కూడా నోరు తెరిచి అడుగుతూ, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి సిగ్గుని తాము పంచుకుంటున్నారు. ఆ శనివారం ఆ మనిషిని నేను.

కారు దిగాను. రఘు వస్తాడో రాడో చూడలేదు. కౌంటర్ దగ్గర నా ముందు ఒక ముసలాయన ఏవో పుస్తకాలు తిరిగి ఇస్తున్నాడు. నా వంతు వచ్చింది. ఫిల్టర్ తీసేయండి, ప్లీజ్, అన్నాను. డోనా తలెత్తి నావైపు చూడలేదు. అలాగే అని కీబోర్డు మీద ఏదో కొట్టి, రెండో నెంబరులో కూర్చోండి అంది. అంతే. పక్కన ముసలాయన తన పుస్తకాల్లో తనున్నాడు. బల్ల దగ్గర ఉన్నవాళ్ళు ఒక్కరూ తల తిప్పలేదు.

కూర్చుని చదవడం మొదలుపెట్టాను. అన్నీ తెరుచుకున్నాయి. గడ్డ చిన్నదిగా ఉండి ఒకే చోట ఉంటే, దాని వరకే తీసి రేడియేషన్ ఇచ్చే పద్ధతి ఉంది. అలాంటి వాళ్ళు మొత్తం తీయించుకున్న వాళ్ళలాగే బతుకుతున్నారు. అందరికీ అది కుదరదు. గడ్డ ఎంతుంది, ఒకటా ఎక్కువా, రేడియేషన్ ఇచ్చే చోటు దగ్గర్లో ఉందా అన్నవి డాక్టర్ని అడగాలి. అడగాల్సిన ప్రశ్నలున్న పేజీ ప్రింట్ తీసుకున్నాను. పేజీకి పది సెంట్లు. ఏడుపొస్తోంది, దాంతోపాటే ఎప్పుడూ లేనంత ఆకలి కూడా వేస్తోంది.

ఇంతలో కౌంటర్ దగ్గర రఘు గొంతు వినిపించింది. అదే లైసెన్స్ మళ్ళీ ముందుపెట్టి, ఇంకో పాస్ అడుగుతున్నాడు. తరవాత, ఫిల్టర్ కూడా తీసేయండి అన్నాడు, అవసరానికి మించి గట్టిగా. వచ్చి నా పక్క కంప్యూటర్లో కూర్చుని, క్రికెట్ స్కోరు తెరిచాడు. ఆ రోజు మన వాళ్ళ ఆట ఉంది. స్కోరుకి ఫిల్టర్ అడ్డం రాదని తనకి బాగా తెలుసు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు తన మీద అంత ప్రేమ పుట్టిన సందర్భం ఇంకోటి లేదు.

వెళ్ళేటప్పుడు రూత్‌కి థాంక్స్ చెప్పబోతే, పార్కులో అడవిదున్నలు రోడ్డు మీదకి వస్తే హారన్ కొట్టొద్దంది. లివింగ్‌స్టన్ దగ్గర ఐ-నైంటీ వదిలి నది పక్కన దక్షిణానికి దిగితే గార్డినర్ వస్తుంది, అదే పార్కు ఉత్తర ద్వారం. కారుకి పాతిక డాలర్లు, టికెట్ ఏడు రోజులు చెల్లుతుంది, పారేసుకోకండి. దున్నలు నిజంగానే రోడ్డు మీదకి వచ్చాయి. వాటి వెనక వరసగా ఆగిన కార్లలో ఒక్కరూ హారన్ కొట్టలేదు. సున్నపురాయి మెట్లు, పొగలు కక్కే గుంటలు, రంగురంగుల నీళ్ళు అన్నీ చూశాం. ఏం చూశానో అడిగితే సరిగా చెప్పలేను. నా చెయ్యి మాటిమాటికీ జేబులోని ప్రింటు కాగితాల మీదకి పోతూ ఉంది.

సాయంత్రం ఏడింటికి మోటల్ గదిలోంచి అక్కకి చేశాను. అక్కడ పొద్దున్నే. బావగారు పాలకి వెళ్ళారట. అన్నీ చదివి వినిపించాను. అక్క ఒక్కో ప్రశ్న మళ్ళీ తను చెప్పి, నాచేత సరే అనిపించుకుంది. అంతా అయ్యాక నా బుద్ధి పోనిచ్చుకోక లైబ్రరీ కథ మొదలుపెట్టాను. చూశావా అక్కా, ఇంత గొప్ప దేశంలో ఈ దిక్కుమాలిన అడ్డం ఏమిటో, మన దగ్గరే నయం, మీ వీధి చివర నెట్ సెంటర్లో ఏం కొట్టినా వస్తుంది అన్నాను.

"నేను ముందు అక్కడికే వెళ్ళానే," అంది అక్క. "నా వెనక కుర్చీలో మా స్కూల్ పిల్లల నాన్న ఎవరో కూర్చున్నాడు. ఆ మాట కొట్టలేకపోయాను. రైళ్ళ టైమింగులు చూసి లేచి వచ్చేశాను. మర్నాడూ వెళ్ళాను. మర్నాడూ రైళ్ళే చూశాను."

లెక్కలు తప్పు చేస్తే కలెక్టర్నైనా కూర్చోబెట్టి దిద్దే మనిషి మా అక్క. ఏ ప్రభుత్వమూ ఏ పేజీనీ ఆపని చోట, తెర ఎర్రబడని చోట, తన ప్రాణానికి సంబంధించిన ఒక్క మాట టైప్ చేయలేక హైదరాబాద్ రైళ్ళు ఎన్నింటికో చూసి లేచి వచ్చేసింది. అందుకని సముద్రాలకి అవతల ఉన్న నాకు రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చింది. నేను ఫోన్ పట్టుకుని ఏడ్చాను. అక్కే నన్ను ఊరుకోబెట్టింది.

ఆదివారం పొద్దున మళ్ళీ చేశాను. అప్పటికే ఆసుపత్రిలో చేరింది. డాక్టరు మొదట ఇవన్నీ నీకెవరు చెప్పారమ్మా అని చిరాకుపడ్డాడట. మా చెల్లెలు అని చెప్పి, అక్క కదలకుండా కూర్చుందట. అప్పుడు ఆయన ఎక్స్‌రే ఫిల్ము తీసి లైటుకి ఎదురుగా పెట్టి చూపించాడు. గడ్డ ఒకటి కాదు, దూరంగా రెండోది కూడా ఉంది. ఒకదాని వరకే తీస్తే చాలదు. బావగారికీ ఆ రెండోదాని సంగతి అప్పటిదాకా తెలియదు. ఎవరూ అడగలేదు, డాక్టరూ చెప్పలేదు.

"మొత్తమే తీసేస్తున్నారే. కానీ ఎందుకో నాకు తెలుసు. నా ఒంట్లోంచి తీసేది ఏమిటో, ఎందుకో తెలుసుకుని ఒప్పుకుని వెళ్తున్నాను," అంది. ఆ గొంతు మా పాత లెక్కల టీచరుది.

అక్క ఇప్పుడు బాగుంది, మళ్ళీ స్కూలుకి వెళ్తోంది. రఘు స్టాంపింగ్ అయిదు నిమిషాల్లో అయిపోయింది, ఎవరూ ఏమీ అడగలేదు. నేను మాత్రం ఆ ప్రయాణం నుంచి ఇంకా పూర్తిగా తేరుకోలేదు. ఎర్ర తెర పెట్టిన చట్టం మీద నా కోపం పోలేదు. జబ్బునీ బూతునీ ఒకే గాటన కట్టే యంత్రాన్ని ఏ మంచి ఉద్దేశంతో పెట్టినా అది మనుషుల్ని చంపగలదు. కానీ ఆ చట్టానికి కనీసం ఒక కౌంటరుంది, అక్కడ అడిగితే తీస్తారు. మా అక్క వెనక కుర్చీకి అలాంటి కౌంటరు లేదు. ఆ భయాన్ని తీయడానికి పక్కన కూర్చున్న నాలాంటి వాళ్ళే కావాలి.

అమెరికాలో మీరు ఎక్కడ ప్రయాణం చేస్తున్నా, దారిలో ఏ లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చున్నా, ముందు ఫిల్టర్ తీసేయమని అడగండి, కారణం చెప్పకండి. మీరు చూసేది క్రికెట్ స్కోరే అయినా సరే, నలుగురికీ వినబడేలా అడగండి. మీ వెనక లైన్లో నిలబడిన ఆవిడకి ఏం కావాలో మీకు తెలియదు.